రాహేలమ్మ కల్చర్డ్ స్పీచ్

ఆ రోజు మధ్యాహ్నం రీడింగ్ హాల్లో ‘సైలెన్స్’ అని రాసి ఉన్న రేకు బోర్డు గోడ మీంచి కింద పడింది. పడినప్పుడు చాలా పెద్ద చప్పుడయింది. బోర్డుకు ఏమీ కాలేదు. దాని కింద టేబుల్ మీదున్న అసిస్టెంట్ లైబ్రేరియన్ వెంకటసుబ్బారావు గారి టీ కప్పు మాత్రం పగిలింది. టీ కొంత ఆయన ప్యాంటు మీద, కొంత ఆ ఉదయమే వచ్చిన పేపరు మీద పడింది. బోర్డు దుమ్ము తుడుద్దామని స్టూలెక్కిన రాహేలు, తను కూడా దాని వెంట పోకుండా అల్మారా అంచు పట్టుకుని, హాలంతా వినబడేలా “ఓ యవ్వో! సచ్చిపోతినే!” అంది. ఆ తర్వాత హాల్లో, బోర్డు గోడ మీద ఉన్నన్నాళ్లూ ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం ఏర్పడింది.

ఆ నిశ్శబ్దంలో గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. యూనివర్సిటీ క్యాంపస్‌లో లైబ్రరీల పనితీరు చూసి పోదామని వచ్చిన కమిటీవారు. ముందు నిలబడ్డ పెద్దమనిషి ఉన్ని కోటు వేసుకుని, చేతికర్ర పట్టుకుని, స్టూలు మీదున్న మనిషిని కింద నుంచి పైకి చూశాడు.

“ఎవరండీ ఆమె?”

“మా కౌంటర్ అసిస్టెంటండీ,” అన్నాడు వెంకటసుబ్బారావు, ప్యాంటు దులుపుకుంటూ.

“కౌంటర్లోనా?” అన్నాడు పెద్దమనిషి.

అంతే అన్నాడు. తిట్టలేదు, కోప్పడలేదు. కాని ఆ ‘లోనా’ అన్న సాగతీత రాహేలు స్టూలు దిగేదాకా ఆమె వెంటే దిగింది.

ఇది అరవై ఎనిమిదిలో, చలి పోవాలా ఉండాలా అని తేల్చుకోలేని రోజుల నాటి సంగతి. క్యాంపస్‌లో పెద్ద లైబ్రరీ వేరే ఉంది, దాని దర్జా దానిది. మనం చెప్పుకునేది హాస్టళ్ల వెనక చింతచెట్ల కింద, ఒకప్పుడు సామాన్ల గోదాముగా కట్టిన రాతి కట్టడంలో పెట్టిన చిన్న పుస్తకశాల గురించి. టెక్స్ట్‌బుక్కులు కొనుక్కోలేని హాస్టల్ పిల్లలకు అదే దిక్కు. పుస్తకాల అల్మారాల దగ్గరికి ఎవరినీ రానిచ్చేవారు కారు. చీటీ రాసి, టికెట్‌తో కలిపి కౌంటర్లో ఇస్తే లోపలి నుంచి పుస్తకం తెచ్చిచ్చేవారు. కిటికీలోంచి చింతాకు రాలి పుస్తకాల మధ్య పడేది. ఆ రోజుల్లో అక్కడ చదువుకున్నవాళ్లు ఇప్పటికీ ఏ పాత పుస్తకం తెరిచినా ఎండిన చింతాకు కోసం వెతుక్కుంటారట.

తార్నాక అప్పటికి ఇంకా ఊరూ కాదు, బస్తీ కూడా కాదు. పెద్ద కాంపౌండ్ల మధ్య దూరదూరంగా ఇళ్లు, ఇళ్ల ముందు జామచెట్లు, హబ్సిగూడ వైపు నడిస్తే ద్రాక్షతోటలు. సాయంత్రం డబుల్ డెక్కర్ బస్సు ఖాళీగా ఊగుతూ వచ్చి చౌరస్తాలో ఆగేది. పై అంతస్తులో ముందు సీటు దొరికినవాడు నిజాం నవాబులా కూర్చుని పోయేవాడు. మెట్టుగూడ వైపు నుంచి ఇంజన్ల కూత వినబడితే ఇళ్లలో గడియారాలు సరిచేసుకునేవారు. ఆ ఇంజన్లకు బొగ్గు వేసేవాళ్లలో ఒకడు రాహేలు మొగుడు బాలస్వామి.

వాళ్ల ఇల్లు మాణికేశ్వర్ నగర్లో. ఉదయం రాహేలు టిఫిన్ డబ్బా పట్టుకుని, హాస్టళ్ల మధ్య కాలిబాట వెంట నడిచి పనికి వచ్చేది. దారిలో పళ్లు తోముకునే పిల్లలు నోట్లో నురగతోనే “అక్కా, లైబ్రరీ తీసినవా?” అని అడిగేవారు. “నన్ను పోనిస్తె గదా తీసేది!” అని ఆమె నడక ఆపకుండా అనేది.

రాహేలు కంటే ముందు ఆ కౌంటర్ కుర్చీలో ఖాద్రీ సాబ్ ఉండేవాడు. షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకుని, ఎవరొచ్చినా ‘సెలవియ్యండి’ అన్నట్టు “ఫర్మాయియే” అనేవాడు. ఆయన కాలంలో మర్యాద ఉర్దూలో ఉండేది. పల్లెల నుంచి వచ్చిన తెలుగు పిల్లలు ఆ మాటకు ఏం బదులు చెప్పాలో తెలియక చీటీని నలుపుతూ నిలబడేవారు. పాపం ఆయన మంచివాడే. ఉర్దూలో మంచివాడు. రిటైరై పోయే రోజున కుర్చీ మీది దిండు మాత్రం తీసుకుపోకుండా రాహేలు చేతికిచ్చి, “బేటీ, ఈ కుర్సీ గట్టిగుంటది, జర పైలం,” అన్నాడు. రాహేలు అప్పుడు చెక్క గురించే అనుకుంది.

ఆ కుర్చీ మీద ఆమెకు ఎందుకంత ఇష్టమో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. రాహేలుది జనగామ తాలూకాలో ఒక పల్లె. మిషన్ బోర్డింగులో ఉండి చదువుకుంది. సెలవు రోజుల్లో దగ్గరి పట్నంలో ఉన్న చిన్న పఠనమందిరానికి పోయేది. అక్కడ పుస్తకాలు చూసుకునే పెద్దాయన ఎప్పుడూ పుస్తకం ఇవ్వననలేదు. ఇచ్చేవాడు. కాని చేతికి ఇచ్చేవాడు కాదు. బల్ల మీద పెట్టి, కట్టె స్కేలుతో ఇటువైపుకు తోసేవాడు. పక్కనే నిలబడ్డ పోస్టుమాస్టరు గారి అమ్మాయికి మాత్రం చేతికిచ్చి, “జాగ్రత్తమ్మా” అనేవాడు. రాహేలు ఆ ఏడాది ఎన్నో కథలు చదివింది. ఒక్కటీ గుర్తులేదు. స్కేలు పుస్తకాన్ని తోసిన చప్పుడు మాత్రం గుర్తుంది.

తర్వాత లైబ్రరీ సర్టిఫికెట్ కోర్సులో మాస్టర్లు ఎన్నో సూత్రాలు చెప్పారు. అన్నీ విని, పరీక్ష రాసి, రాహేలు వాటికి తనదొకటి కలుపుకుంది. పుస్తకం బల్ల మీద పెట్టకూడదు, చేతిలో పెట్టాలి. ఎవరికైనా సరే. ఆ పని చేయగలిగేది కౌంటర్ కుర్చీలో ఉన్నవాళ్లు మాత్రమే. మిగతావాళ్లు అల్మారాలకూ పుస్తకాలకూ సేవ చేస్తారు, మనుషుల మొహాలు చూడరు.

చీటీ అడిగే ముందు ఆమె ఇంకొకటి అడిగేది: “ఏ ఊరు బిడ్డా?”

వెంకటసుబ్బారావు గారు ఒకసారి, “చీటీలో ఊరి పేరుకు కాలమ్ లేదు కదమ్మా, ఎందుకడుగుతావు?” అన్నాడు.

“ఊరు పేరు చెప్పినంక మనిషికి గొంతు వస్తది సార్,” అంది రాహేలు.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఇన్నయ్యకు అలాగే వచ్చింది. బి.ఏ.లో చేరిన కొత్తలో అతను కౌంటర్ దాకా వచ్చి, వంతు వచ్చేసరికి వెనక్కి పోయి మళ్లీ చివర నిలబడేవాడు. రాహేలు చూసి చూసి “ఏ ఊరు బిడ్డా?” అంది. ఊరు చెప్పాడు. ఊళ్లో చర్చి ఎటువైపు, చెరువు నిండిందా, మీ అమ్మ నాట్లకు పోతదా అని ఆమె అడిగింది. ఆ సంభాషణ ముగిసేసరికి ఇన్నయ్య చేతిలో చరిత్ర పుస్తకం ఉంది. దాన్నెప్పుడు అడిగాడో అతనికే తెలియదు.

ఇదీ కుర్చీ కథ. ఇప్పుడు ఆ కుర్చీ మీదికే వచ్చింది.

బోర్డు పడిన వారానికి కమిటీ నుంచి ఒక సర్క్యులర్ దిగింది. ఇంగ్లీషులో, టైపు కొట్టి, కింద సంతకంతో. అందులో తలుపులు, కిటికీలు, చెదల మందు గురించి చెప్పాక, సంస్థ గౌరవానికి తగినట్టుగా కౌంటర్లో ఉండేవాళ్లకు ‘కల్చర్డ్ స్పీచ్’ ఉండాలని రాశారు. అటెండర్ రాజలింగు దాన్ని నోటీసు బోర్డుకు గుచ్చి, కూడబలుక్కుని చదివి, రాహేలు దగ్గరికి వచ్చాడు.

“అక్కా, కల్చర్డ్ స్పీచంటే ఏంది? మన స్టోర్ల ఉన్నదా, ఇండెంటు పెట్టాల్నా?”

రాహేలు నవ్వింది. నవ్వుతూనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా కాసేపు నవ్వు మొహం మీద ఊరికే ఉండిపోయింది.

వెంకటసుబ్బారావు గారు ఆమెను గదిలోకి పిలిచి, కూర్చోమని, తను మాత్రం కూర్చోకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి తార్నాకలో చిన్న ఇల్లు కట్టుకున్న మనిషి. ఎవరినీ నొప్పించలేడు. నొప్పించాల్సి వస్తే ముందు తనకు కడుపునొప్పి వస్తుంది.

“రాహేలమ్మా, ఇది నీ మీద రాసింది కాదమ్మా. కావాలంటే చూడు, ఎక్కడా ఎవరి పేరూ లేదు.”

“పేరు రాయకుండనే నన్ను గుర్తువట్టిండ్రు గద సార్,” అంది రాహేలు. “పేరు రాస్తే మంచిగుండు. ఇంకో రాహేలు గురించేమో అనుకుంటుంటి.”

ఆయన చెమట తుడుచుకున్నాడు. “నెలాఖరుకి కమిటీ మళ్లీ వస్తుంది. ఈలోపు నీ మాట కాస్త... అదేవిటంటే... కాస్త సవరించుకున్నావనుకో, కుర్చీ నీదే. లేదంటే అరుంధతిని కౌంటర్లో వేసి నిన్ను బైండింగుకి పంపమన్నారు. నా చేతుల్లో లేదమ్మా.”

బైండింగు గది వెనక వైపు ఉండేది. మైదా జిగురు, దానికి పురుగు పట్టకుండా కలిపిన మైలుతుత్తం, చిరిగిన పుస్తకాలు, ఒక్క కిటికీ. ఆ గదికి పోయినవాళ్లు తిరిగి హాల్లోకి వచ్చిన దాఖలా లేదు.

ఈ వార్త విని రాహేలు కంటే ఎక్కువ బెదిరింది అరుంధతి. బందరు నుంచి వచ్చిన అరుంధతి లోపలి గదిలో కూర్చుని పుస్తకాలకు కార్డులు రాసేది. ఆమె మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టుండేది. కాని మాట్లాడితే కదా.

“నా దగ్గర ఆ భాష ఉంది రాహేలూ, ఎవరూ కాదనరు,” అంది అరుంధతి. “కాని కొత్త మనిషి ఎదురుగా నిలబడితే నాకు చెమటలు పడతాయి. వాళ్లు నన్ను ఆ కౌంటర్లో వేస్తే రెండు రోజుల్లో పోతాను. నువ్వే నేర్చుకో తల్లీ. ఇద్దరం బతుకుతాం.”

“నువ్వు నేర్పిస్తవా?”

“నేర్పించకేం చేస్తాను? ఛాయ్ మాత్రం నువ్వే తాగించు.”

అలా సాయంత్రాలు తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటల్ ఫ్యామిలీ రూములో పాఠాలు మొదలయ్యాయి. ఫ్యామిలీ రూమంటే పెద్దగా ఏమీ లేదు. చెక్క అడ్డం, దానికో పూల కర్టెను, లోపల పాలరాతి బల్ల. కర్టెన్ అవతల గ్రామఫోన్ రికార్డు, కప్పులూ సాసర్ల గలగల, గుర్రప్పందాల మీద గొడవ. ఇవతల అరుంధతి విద్యార్థి, రాహేలు కౌంటర్.

“ఏమండీ, నాకు ఎకనామిక్స్ పుస్తకం కావాలి,” అంది అరుంధతి.

రాహేలు నిటారుగా కూర్చుంది. కొంగు సర్దుకుంది. కళ్లు సగం మూసుకుంది.

“మీ మనవి ఆలకించితిని. కొంతసేపు కనిపెట్టుకొని యుండుడి. గ్రంథమును తెచ్చి మీకు అనుగ్రహించెదను.”

అరుంధతి తాగుతున్న ఛాయ్ ముక్కులోకి పోయింది. దగ్గి, తుడుచుకుని, “ఇదెక్కడి తెలుగే!” అంది.

“మా పాస్టరు గారి తెలుగు. నాకు తెల్సిన మంచి తెలుగు గదొక్కటే. ఆదివారం ఆదివారం వింట.”

“అంత మంచిది వద్దమ్మా. ‘కూర్చోండి, తెస్తాను’ అంటే చాలు.”

“కూర్చోండి, తెస్తాను.” రాహేలు ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పి చూసింది. “సప్పగున్నది అరుందమ్మా.”

“చప్పగా ఉండాలనే కదే వాళ్ల కోరిక! మళ్లీ అను.”

రాహేలు మళ్లీ నిటారుగా కూర్చుని మొదలుపెట్టింది. నిటారుగా కూర్చుంటే చాలు, పాస్టరు గారు వచ్చేసేవారు. “మీ అవసరత యేమియో...” అంటుండగా కర్టెన్ అవతల నుంచి ముసలి సర్వర్ గొంతు వినబడింది. “అమ్మా, ప్రార్థన అయినంక చెప్పుర్రి. బిస్కెట్లు తెస్త.”

ఇద్దరూ బల్ల మీద తలలు పెట్టుకుని ఎంత నవ్వారంటే, గుర్రప్పందాలవాళ్లు కూడా గొడవ ఆపి విన్నారు.

ఇంట్లో మాత్రం నవ్వు రాలేదు. ఒకరోజు అభ్యాసం కోసమని రాహేలు అత్త ఈరమ్మతో, “అత్తగారూ, భోజనానికి రండి,” అంది.

ఈరమ్మ గడప మీద కూర్చుని ఆకు నములుతున్నది. నమలడం ఆపింది.

“ఏందే? నేనేం తప్పు జేసిన?”

“ఏం లేదు, రండి అంటున్నాను.”

“అగ్గో, మల్లన్నది! పరాయిదాన్ని పిల్సినట్టు పిలుస్తవేందే? రండి అంటున్నవంటే రేపు పొండి అంటవ్.” ఆ పూట ఈరమ్మ అన్నం దగ్గరికి రాలేదు. బాలస్వామి డ్యూటీ నుంచి వచ్చాక, “కొడుకా, నీ పెండ్లాం నన్ను ఎల్లగొట్టేటట్టున్నది,” అని చెప్పుకుంది. రాహేలు పోయి పక్కన కూర్చుని, “ఓ అత్తా, లే, బువ్వ తిందాం,” అన్నాకే ముద్ద ముట్టింది.

అత్త మాటలో ఏదో ఉందని రాహేలుకు అనిపించింది. కాని నెలాఖరు దగ్గర పడుతున్నది. పక్కన పెట్టేసింది.

కౌంటర్లో కల్చర్డ్ స్పీచ్ ప్రారంభించిన రోజున మొదట వచ్చింది ఇన్నయ్యే. ఎప్పటిలా పళ్లు బయటపెట్టి నవ్వుతూ వచ్చాడు. వెంకటసుబ్బారావు గారు తన టేబుల్ దగ్గర నుంచి చూస్తున్నాడు. ఆ చూపు తగిలి రాహేలు నిటారుగా అయింది. అయ్యేసరికి, అరుంధతి నేర్పిందంతా గాలికి పోయి, పాస్టరు గారు వచ్చేశారు.

“మీ మనవి ఏమియో తెలియపరచుడి.”

ఇన్నయ్య నవ్వు ఆగిపోయింది. రెండు చేతులూ కట్టుకున్నాడు. తల వంచాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపు ఆగి, ఇంకేమీ రాకపోయేసరికి, చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు చొప్పున, “ఆమెన్,” అన్నాడు.

హాలు గొల్లుమంది. ఇన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. చీటీ అక్కడే వదిలేసి బయటికి పోయాడు.

ఆ తర్వాత రాహేలు పాస్టరు గారిని ఆదివారానికే పరిమితం చేసి, అరుంధతి చెప్పిన చప్పటి మాటలు పట్టుకుంది. “నమస్కారం. చీటీ ఇవ్వండి. కూర్చోండి, తెస్తాను.” తప్పు లేదు, తడబాటు లేదు. ఊరు అడగడం మానేసింది. హాలు ప్రశాంతంగా అయిపోయింది. పిచ్చుకలు కిటికీ ఊచల మీద గోళ్లు గీసుకునే చప్పుడు కూడా వినబడేది. వెంకటసుబ్బారావు గారు ఫ్యాన్ కింద కుర్చీ వాల్చుకుని, “చూశావా రాజలింగూ, ఎంత హాయిగా ఉందో!” అన్నాడు.

“హాయిగనే ఉన్నది సార్. మనుషులే లేరు,” అన్నాడు రాజలింగు.

నిజమే. కళ్లద్దాలవాళ్లు, ఇంగ్లీషు మీడియంవాళ్లు ఎప్పటిలా వచ్చి పోతున్నారు. హాస్టల్ పిల్లలు మాత్రం గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, చింతచెట్ల కింద కూర్చుంటున్నారు. పరీక్షలు ముందున్నాయి. పుస్తకాలు లోపలున్నాయి. ఇన్నయ్య రాజలింగును పట్టుకుని, “అన్నా, అక్కకు మామీద ఎందుకు కోపమొచ్చింది?” అని అడిగాడట.

ఆ మాట రాజలింగు వచ్చి చెప్పినప్పుడు రాహేలుకు అత్త మాట గుర్తొచ్చింది. ఆ పిల్లలకు ఇలాంటి తెలుగు కొత్త కాదు. స్కాలర్‌షిప్ ఆఫీసులో విన్నారు, హెడ్మాస్టరు దగ్గర విన్నారు, హాస్టల్లో సీటు అడిగినచోట విన్నారు. విన్న ప్రతిసారీ ఆ మాటల చివర ఒక ‘లేదు’ వేలాడుతూ ఉండేది. ‘కూర్చోండి’ అని వినబడితే చాలు, ఎప్పుడు లేవమంటారో అని వాళ్ల కాళ్లు ముందే సిద్ధమవుతాయి.

మర్నాడు ఆమె బైండింగు గదిలో కూర్చుని టిఫిన్ తింటుంటే, కిటికీ అవతల ఒక తల లేచింది. ఇన్నయ్య.

“అక్కా, కోపమా?”

“నీమీద కోపమేందిరా బిడ్డా! గిటు రా. ఏం గావాలె?”

“సివిక్స్.”

రాహేలు ఎంగిలి చేయి కడుక్కుని లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. లావు పుస్తకం. ఊచల మధ్య అడ్డంగా పట్టదు. నిలువుగా తిప్పి, మెల్లగా జొనిపి, అతని చేతిలో పెట్టింది. టికెట్ తీసుకుపోయి కౌంటర్ ట్రేలో పెట్టాల్సిన చోట పెట్టింది. దాంట్లో ఏ లోపమూ లేదు.

ఆ తర్వాతి రోజు ఇన్నయ్య వెనక ఇంకో ఇద్దరు. ఆ తర్వాత వరస గోడ మలుపు దాకా పోయింది. “ఏ ఊరు బిడ్డా?” “గిదేం రాత, చీటీ మీద కోడి నడిసినట్టున్నది!” “పోయిన పుస్తకం తెచ్చినవా, అంబర్‌పేట్ల అమ్ముకున్నవా?” అని లోపలి నుంచి ఒక గొంతు, బయట నవ్వులు. అంతా టిఫిన్ వేళలో, హాలుకు వినబడనంత దూరంలో.

కౌంటర్ దగ్గర ఎవరూ కనబడకపోయినా ట్రే నిండుతున్నదేమిటా అని వెంకటసుబ్బారావు గారికి అనుమానం వచ్చింది. ఒక మధ్యాహ్నం పిల్లి నడక నడుచుకుంటూ బైండింగు గదికి వచ్చాడు. కిటికీ, కిటికీ అవతల వరస, ఇవతల రాహేలు. అది చూసిన ఆశ్చర్యంలో గోడకు చెయ్యి ఆనించబోతే అది జిగురు బకెట్లో పడింది. మోచేతి దాకా.

“ఛీ! దీని తస్సాదియ్యా!” అన్నాడు వెంకటసుబ్బారావు గారు, గట్టిగా, నిండు నోటితో.

ఆయన వెనకే వచ్చిన రాజలింగు అమాయకంగా అడిగాడు: “సార్, గిది కల్చర్డ్ స్పీచేనా?”

ఆయన జిగురు కారుతున్న చేతిని చూసుకున్నాడు. కోపం రావలసిన చోట మొహంలోకి ఇంకేదో వచ్చింది.

“మా అమ్మ భాషరా అది,” అన్నాడు నెమ్మదిగా. “పేడ తట్ట జారినా అదే అనేది, పాలు పొంగినా అదే అనేది. నేను అనుకుని ఇరవై ఏళ్లయింది.”

చేయి కడుక్కున్నాక రాహేలు పక్కనున్న మొద్దు మీద కూర్చున్నాడు. “రేపు కమిటీ వస్తోంది. రేపొక్కరోజు ఈ కిటికీ మూసెయ్యి తల్లీ. ఆ నాలుగు ముక్కలు అప్పజెప్పు. కుర్చీ నీ పేర రాసేసి పోతారు. తర్వాత సంగతి తర్వాత,” అన్నాడు.

రాహేలు సరేనంది.

మర్నాడు గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. ఈరమ్మ పాస్టరు గారిని పిలిపించి ప్రార్థన చేయించింది. అరుంధతి ఏ దేవుడికో కొబ్బరికాయ మొక్కుకుని వచ్చి, కార్డుల బీరువా వెనక నిలబడింది. రాజలింగు ‘సైలెన్స్’ బోర్డుకు ఇంకో మేకు కొట్టాడు. బైండింగు గది కిటికీ మూసి, గడియ పెట్టారు.

కమిటీవారు వచ్చారు. ఉన్ని కోటు పెద్దమనిషి కౌంటర్ ముందు ఆగి, “ఏమమ్మా, బాగున్నారా?” అన్నాడు.

“బాగున్నానండీ. దయచేసి కూర్చోండి,” అంది రాహేలు.

బీరువా వెనక అరుంధతి కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. వెంకటసుబ్బారావు గారి మొహం వెలిగింది. పెద్దమనిషి తృప్తిగా తల ఊపి, పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని, పెన్ను మూత తీశాడు. ఇంకో రెండు నిమిషాలు ఇలాగే గడిస్తే కుర్చీ ఆమెది.

అప్పుడే గుమ్మంలో ఇన్నయ్య కనబడ్డాడు. వెనక ఇంకా తలలు. కిటికీ మూసి ఉండటం చూసి చుట్టూ తిరిగి వచ్చారు. గడప దగ్గర ఆగిపోయారు. ఇన్నయ్య చేతిలో టికెట్ ఉంది. అది తీసుకుని ముందుకు రావాలా, జేబులో పెట్టుకుని వెనక్కి పోవాలా అని ఆ చేయి ఆలోచిస్తున్నది.

“దయచేసి లోపలికి రండి,” అంది రాహేలు, నేర్చుకున్నది నేర్చుకున్నట్టుగా.

వాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు.

పెద్దమనిషి ఏమీ గమనించలేదు. ఎదురుగా ఉన్న పుస్తకం అడ్డమనిపించి పెన్నుతో పక్కకు తోశాడు. పుస్తకం బల్ల మీద జరిగిన చప్పుడు పెద్దదేమీ కాదు. రాహేలుకు తప్ప ఇంకెవరికీ వినబడి ఉండదు.

ఆమె కుర్చీలోంచి లేచింది.

“ఓ ఇన్నయ్యా! గట్ల మొద్దోలె నిలబడ్డవేంది బిడ్డా? పరీక్షలు నీకా, నాకా? లోపలికి రా! గా ఎన్కకున్నోళ్లది ఏ ఊరు? అందరు రార్రి, గుంపుగ కాదు, ఒకలెన్క ఒకలు!”

బోర్డు ఈసారి పడలేదు. వెంకటసుబ్బారావు గారు మాత్రం దాదాపు పడ్డాడు.

వాళ్లు వచ్చారు. గడప దాటేటప్పుడు ఇన్నయ్య పళ్లు మళ్లీ బయటపడ్డాయి. ఊళ్ల పేర్లు వినబడ్డాయి. రాజలింగు అల్మారాలకూ కౌంటర్‌కూ మధ్య పరుగులు పెట్టాడు. బీరువా వెనక నుంచి అరుంధతి కూడా బయటికి వచ్చి, చెమటలు కక్కుతూనే పుస్తకాలు అందించింది. ఒక్కో పుస్తకం రాహేలు చేతిలోంచి ఒక్కో చేతిలోకి పోయింది. కౌంటర్ బల్ల ఖాళీగా ఉంది.

కమిటీ ఏం రాసిందో ఎవరికీ తెలియలేదు. కుర్చీ గురించి మళ్లీ ఏ కాగితమూ రాలేదు. అది రాకుండా వెంకటసుబ్బారావు గారే ఏదో రాసి పంపి ఉంటాడని అరుంధతి అనుమానం. ఏడాది తిరిగేసరికి క్యాంపస్‌లో అంతకంటే పెద్ద ఆందోళనల గాలులు వీచి, ఎవరు ఎలా మాట్లాడాలన్నది కమిటీల చేతులు దాటిపోయింది. ఆ సర్క్యులర్ పసుపుపచ్చగా మాగి, ఒకరోజు ఊడి పడితే, రాజలింగు దాన్ని బైండింగుకు పట్టుకుపోయి ఏదో సివిక్స్ పుస్తకం వీపుకు అస్తరుగా అతికించాడు. ఖాద్రీ సాబ్ ఇచ్చిన దిండు దూది బయటపడి, మళ్లీ కుట్టించుకుని, మళ్లీ బయటపడేదాకా రాహేలు ఆ కుర్చీలోనే కూర్చుంది. తహసీల్దార్లూ లెక్చరర్లూ అయినవాళ్లు తార్నాక వైపు వస్తే ఆగి, తమ పేరు కంటే ముందు ఊరి పేరు చెప్పుకుని నిలబడేవారు. ఆమె చేతులు చాచితే, పుస్తకం అడగనివాళ్లు కూడా చేతులు చాచేవారు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ పూట మాత్రం వరస ఇంకా గుమ్మం దాటి ఉంది. ఉన్ని కోటు పెద్దమనిషి పెన్ను మూత పెట్టి, లేచి, కర్ర ఊనుకుంటూ కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

“ఏమిటమ్మా ఇది? మర్యాదగా మాట్లాడటం నేర్చుకున్నావని సుబ్బారావు గారు చెప్పారే! ఇదేనా నేర్చుకున్నది?”

రాహేలు ఎదురుగా ఉన్న పిల్లవాడి చేతిలో పుస్తకం పెట్టి, అది జారకుండా అతని వేళ్లు మూసి, ఆయన వైపు తిరిగింది.

“నేర్సుకున్న సార్, మంచిగనే నేర్సుకున్న, గానీ నేను గది మాట్లాడినన్ని దినాలు పుస్తకాలు అల్మారల్నే కూసున్నయి.”